వంకర గోడ, తిన్నని రాయి

బేగంపేటలోని సెలయేరు డిజైన్ స్టూడియోకు మొదటిసారి వచ్చినవాళ్లు గోడకు ఆనుకోబోయి తూలడం మామూలే. అక్కడి గోడలు ఆనుకోవడానికి కట్టినవి కావు. ఒకటి లోపలికి నొక్కుకుపోయి ఉంటుంది, ఇంకొకటి నిండు చూలాలిలా ముందుకు పొడుచుకొస్తుంది. అలాంటి చోట బీరువా పెడితే వెనక సందు మిగలక తప్పదు. ఆ సందులో ఎన్నో పెన్నులు, రెండు మూడు టీ కప్పులు, ఒక క్లయింటుగారి కారు తాళం పడి ఉన్నాయని ఆఫీసులో అందరికీ తెలుసు. తీద్దామంటే చెయ్యి దూరదు.

స్టూడియో యజమాని వేణుమాధవ్‌ గారికి తిన్నని గీత అంటే గిట్టదు. "ప్రకృతిలో తిన్నని గీత ఎక్కడుందో ఒక్కటి చూపించండి" అని వచ్చిన ప్రతి ఒక్కరినీ అడిగేవారు. ఇల్లు కట్టుకుందామని వచ్చినవాళ్లు పరీక్షకు చదవకుండా వచ్చిన పిల్లల్లా నేలచూపులు చూసేవారు. ఆయన కళ్లు మూసుకుని కాగితం మీద పెన్సిలు తిప్పితే అది ఆకో, గవ్వో, మబ్బు తునకో అయ్యేది. ఆ మెలికకు కొలతలు పెట్టి, తలుపు ఎక్కడ రావాలో, బాత్రూము నీళ్లు ఎటు పోవాలో తేల్చే పని అక్కడ ఆర్కిటెక్టుగా చేసే హదస్సాది. క్లయింట్లు బొమ్మ చూసి అబ్బురపడేవారు, ఫోన్లో ఫోటో తీసుకునేవారు, కాఫీ తాగేవారు. ఆ తరవాత ఎవరో మేస్త్రీని పట్టుకుని నాలుగు మూలల ఇల్లు కట్టించుకుని, జ్ఞాపకంగా బాల్కనీ ఒక్కటి గుండ్రంగా పెట్టించుకునేవారు. ఇన్నేళ్లలో స్టూడియో గీసింది గీసినట్టుగా నేలమీద నిలబడింది ఒకే ఒక్కటి. అది మారేడుపల్లిలో ఒక పళ్ల డాక్టరుగారి రిసెప్షన్ బల్ల.

హదస్సా వాళ్లింట్లో డిగ్రీ చదివినవాళ్లు ఆమెకు ముందు ఎవరూ లేరు. తండ్రి జెరెమియా లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ సాయంత్రాలు రైలు గేటు దగ్గర నిలబడి, పోయే బండిని చూపించి, "గా బోగీ తలుపులు సూడు, మా సెక్షన్ల బిగించినయే" అని పక్కనున్న వాళ్లకు చెబుతుంటాడు. తను చేసిన పని పట్టాల మీద ఊరూరా తిరుగుతోంది. బిడ్డ చేసిన పని కూడా ఒకసారి కళ్లారా చూడాలని ఆయనకు కోరిక.

"నీ బిల్డింగు ఏడుంది బిడ్డా? జెర చూపియ్యరాదు. బస్సుల కూసొని పోయొద్దాం."

"కడ్తున్నరు డాడీ."

"ఎవరు కడ్తున్నరు?"

"ఎవరో ఒకరు కడ్తరు."

అబద్ధం అలవాటు లేని పిల్ల. ఆ మాట అన్న పూట అన్నం సయించేది కాదు. పోనీ డాక్టరుగారి బల్ల అయినా చూపిద్దామా అని ఒకసారి నిజంగానే ఆలోచించింది. అంత దూరం పోయి ఊరికే బల్ల చూసి వస్తామంటే బాగుండదు, డాడీకి ఉన్న నాలుగు గట్టి పళ్లలో ఒకటి పోతుందని ఊరుకుంది.

అట్లాంటి సమయంలో వాళ్లు వెళ్లే ఒలీవల తెలుగు సంఘంవారు చర్చి ఆవరణలోని పాత హాలు పడగొట్టి కొత్తది కట్టాలని తీర్మానించారు. రేకుల కప్పు, ఎండాకాలం పెనం, వానాకాలం జల్లెడ. మన సంఘపు పిల్ల ఉండగా బయటివాళ్లెందుకని కమిటీ సెక్రటరీ జకర్యా అంకుల్ స్వయంగా ఫోన్ చేశారు. వేణుమాధవ్‌ గారు పని చిన్నదని పెదవి విరిచి, "సరే, ఇది నువ్వే చేసుకో. ఒకటే షరతు, నా స్టూడియో పేరు మీద ఎక్కడా మూల కనపడకూడదు" అన్నారు.

హదస్సా ఆ హాలును దోసిలి పట్టినట్టు గీసింది. రెండు వంపు గోడలు నేలనుంచి లేచి, ఎక్కడ గోడ అయిపోయి ఎక్కడ కప్పు మొదలైందో తెలియకుండా పైన కలుసుకుంటాయి. మధ్యలో స్తంభం లేదు. గాలి ఒక అంచున దూరి రెండో అంచున పోతుంది. మొదటిసారి, ఎవరి మెలికకో కొలతలు పెట్టడం కాకుండా, తన గీతకు తానే కొలతలు పెట్టుకుంది. ఇది లేస్తే చాలు. డాడీని బస్సు కూడా ఎక్కించక్కర్లేదు, ఆదివారం చర్చికి నడిపించుకొస్తే సరిపోతుంది.

కమిటీ ముందు కంప్యూటర్ బొమ్మ తెర మీద పడగానే అందరూ ముందుకు వంగారు.

"ఇది ఓడ" అన్నారు పాస్టరు ప్రభుదాస్ అయ్యగారు, అప్పుడే వచ్చేవారం ప్రసంగం దొరికిన సంతోషంతో. "జలప్రళయంలో మనల్ని కాపాడిన ఓడ."

"నాకైతే చేప లెక్క కొడ్తుంది అయ్యగారూ" అన్నారు జకర్యా అంకుల్. రైల్వే అకౌంట్సులో ముప్పావు జీవితం గడిపిన మనిషి, చూసింది చూసినట్టు చెబుతారు. "గీ నోట్లకెల్లి లోపలికి పోవుడు."

"చేపైనా మంచిదేనండీ. బైబిల్లో దాని కడుపులో ఉండి కూడా ప్రార్థించిన ప్రవక్త ఉన్నాడు కదా" అన్నారు అయ్యగారు.

స్త్రీల సమాజం అధ్యక్షురాలు ఎలీసబెతు ఆంటీ గుంటూరు వైపునుంచి కోడలిగా వచ్చి ఇక్కడ హెడ్మిస్ట్రెస్‌గా రిటైరైన మనిషి. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని బొమ్మలోని మనుషుల్ని పరీక్షగా చూశారు. "ఏమ్మా హదస్సా, ఈ తిరుగుతున్నవాళ్లెవరు? ఈ నిక్కరు మనిషిని మన సంఘంలో నేనెప్పుడూ చూళ్లేదే."

"వాళ్లు కంప్యూటర్లో ఉండేవాళ్లు ఆంటీ. ఊరికే పెడ్తరు."

"ఊరికే పెట్టేటప్పుడు మనవాళ్లనే పెట్టొచ్చుగా. ఆ బెలూను పిల్ల ఏ సండే స్కూలు?"

బెలూను పిల్లను తీసేస్తానని హదస్సా మాట ఇచ్చాక డిజైను ఏకగ్రీవంగా పాసయింది. ఆ సాయంత్రం జెరెమియా గేటు దగ్గర బండ్లను చూపించడం మానేసి హాలు గురించి చెప్పాడు.

పాత హాలు పడగొట్టే ముందు అందులోని రాళ్లను ఊడదీయించారు. ఆ సంఘంలో రాయి అంటే పాలరాతి ఫలకం. ఫలానావారి జ్ఞాపకార్థం ఫలానావారు కట్టించిన కిటికీ, ఫలానావారు ప్రభువునందు నిద్రించినందున కుమారులు వేయించిన గచ్చు. తలుపుకు, మెట్టుకు, ఒక స్విచ్చుబోర్డుకు కూడా రాయి ఉంది. రాయి ఉన్న కుటుంబాలవి ముందు బెంచీలు. ఇది ఎక్కడా రాసి లేదు, కానీ రాయి లేనివాడు ముందు బెంచీలో కూర్చుంటే పాటల పుస్తకం అందేది కాదు. జెరెమియా కుటుంబం తాతల నాటినుంచి చెప్పులు విడిచే గుమ్మం దగ్గరే కూర్చుంటోంది. గాలి బాగా వస్తుందని జెరెమియా అంటాడు.

ఊడదీసిన రాళ్లను పాత దుప్పట్లలో చుట్టి చర్చి పక్కగదిలో పడుకోబెట్టారు. ఆరాధన అయ్యాక ప్రతి కుటుంబం వచ్చి దుప్పటి కొస ఎత్తి, తమవాళ్లు క్షేమమేనని చూసుకుని వెళ్లేది. అట్లాంటి ఒక ఆదివారం జకర్యా అంకుల్ హదస్సాను పిలిచారు.

"బిడ్డా, మా నాయన రాయి ఏ గోడకు పెడ్తున్నవ్?"

హదస్సా తన కొలతల పుస్తకం తీసింది. పాత హాలును ఆమె అంగుళం వదలకుండా కొలిచింది. తలుపులు, కిటికీలు, కప్పు ఎత్తు అన్నీ రాసుకుంది. రాళ్లను మాత్రం చూడలేదు. వాటిలో తమది ఒక్కటీ లేదు కాబట్టి చిన్నప్పటినుంచి కన్ను వాటి మీద ఆగలేదు. ఇప్పుడు దోసిలిలాంటి హాలులో పలక రాయి ఆనడానికి తిన్నని జాగా జానెడు కూడా లేదు.

వేణుమాధవ్‌ గారికి ఫోన్ చేస్తే ఆయన నవ్వారు. "రాళ్లెందుకు, గోడ వంపు మీదే అక్షరాలు చెక్కించు. నీటి అల మీద రాసినట్టుంటుంది."

ఆ మాట కమిటీకి చెప్పగానే ఎలీసబెతు ఆంటీ మొహం మారిపోయింది. "మా మామగారు బతికినంత కాలం నిటారుగా నడిచారమ్మా. పోయాక ఆయన పేరు వంకరగా రాస్తారా?"

మాటలతో తేలదని అయ్యగారు మేస్త్రీ చేత ఆవరణలో నమూనాకు కొంచెం వంపు గోడ కట్టించారు. జకర్యా అంకుల్ నాయన రాయిని ఇద్దరు మోసుకొచ్చి దానికి ఆనించారు. రాయి ఎడమ వైపు ఆనితే కుడి వైపు లేచింది. కుడి వైపు నొక్కితే ఎడమ వైపు లేచింది. కమిటీ మొత్తం చుట్టూ నిలబడి ఉండగా, స్టేషన్ మాస్టరుగా చేసి పోయిన ఆ పెద్దమనిషి తొట్టెలో పసిపిల్లాడిలా అటూ ఇటూ ఊగారు.

"ఎనక సిమెంటు పెట్టి నింపుదాం" అన్నాడు మేస్త్రీ.

"నింపితే అంచు బయటికొస్తది" అన్నారు జకర్యా అంకుల్. "పెండ్లికొచ్చినోళ్ల చీరల కొంగులన్నీ మా నాయనకే తట్టుకుంటయి."

అప్పుడు ఎలీసబెతు ఆంటీ మెల్లగా, అందరికీ వినపడేట్టు అన్నారు. "నేను అనకూడదుగానీ, ఆ పిల్ల వాళ్లకు రాయి లేదు. అందుకే ఎవరి రాయీ నిలబడని గోడ గీసింది."

హదస్సా ఆవిడ వైపు తిరిగింది. కాదని చెప్పాలనుకుంది. కాదనేది నిజమేనా అని తనను తానే ప్రశ్నించుకుంది కూడా. కావాలని చేయలేదు. కానీ పేర్లు లేని గోడ గీస్తున్నప్పుడు ప్రాణం హాయిగా ఉన్నమాట నిజం.

"మా బిడ్డకు గంత ఉపాయం ఉంటె ఎప్పుడో బాగుపడేది మేడమ్" అన్నాడు గుంపు వెనకనుంచి జెరెమియా.

జకర్యా అంకుల్ రాజీకి వచ్చారు. "గుస్స కావొద్దు జెరెమియా. కావాల్నంటే మీ కుటుంబానికి సుత ఓ రాయి పెడ్దాం, కిందికెల్లి ఓ మూలకు."

"నేనింక బతికే ఉన్న కద అన్నా."

"బతికినోళ్లయి సుత ఉన్నయి. నాది లేదా?"

కమిటీ ఆ మధ్యాహ్నం భోజనాలు మాని మరీ చర్చించి తీర్మానం చేసింది. హాలు సంగతి తరవాత. ముందు రాళ్లకోసం ఒక తిన్నని గోడ కట్టాలి. రాళ్లు దుప్పట్లలో ఉన్నంతకాలం కుటుంబాలు పరేషాన్‌లో ఉంటాయి, పరేషాన్‌లో ఉన్నవాళ్లు చందా ఇవ్వరు. గోడ కట్టాక ప్రభువు చిత్తమైతే హాలు.

ప్రభువు చిత్తమైతే అని కమిటీ అన్న పనులేవీ ఇంతవరకూ కాలేదని హదస్సాకు తెలుసు. గోడ గీయనంటే మేస్త్రీ గీయకుండానే కడతాడు, తన హాలు అక్కడితో సరి. రెండు రోజులు ఆలోచించి గోడ గీసింది. దోసిలికి ఒక పక్క ఎక్కడ లేవాలో సరిగ్గా అక్కడే, హాలు పొడవునా, తిన్నగా గీసింది. మధ్యమధ్య కాంక్రీటు స్తంభాలు పెట్టి, వాటి పైన ఇనుప రాడ్లు బారెడు చొప్పున వదిలేయించింది.

జకర్యా అంకుల్ తలెత్తి చూశారు. "గీ రాడ్లు ఎందుకు బిడ్డా?"

"ముందుముందు పైన ఏమన్న వేసుకోవాల్నంటే ఉంటయి అంకుల్."

ఆయన సరేనని తలూపారు. సికింద్రాబాదులో పైన రాడ్లు వదలకుండా ఇల్లు కట్టినవాడెవడు. ఆయన ఇంటి మీద కూడా కొడుకు పోర్షన్ కోసం వదిలిన రాడ్లున్నాయి. కొడుకు కొంపల్లిలో ఫ్లాటు కొనుక్కున్నాడు, రాడ్లకు ఆయన భార్య బట్టలారేస్తుంది.

గోడ మీద ఎవరి రాయి ఎక్కడన్నది గోడ కట్టడంకన్నా కష్టమైంది. నడుమ జాగా కోసం రెండు కుటుంబాలు ఆరాధనలో ప్రభువు బల్ల రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడం మానేశాయి. చివరికి అయ్యగారు ఉపవాసముండి, నడుమ జాగా జకర్యా అంకుల్ నాయనకు, ఎత్తైన జాగా ఎలీసబెతు ఆంటీ మామగారికి ఇచ్చి సమాధానపరిచారు. గోడ ప్రతిష్ఠకు ముందురోజు ఎలీసబెతు ఆంటీ వచ్చి పైకి చూసి, రాడ్లకు పూసిన సిమెంటు పాలు అసహ్యంగా ఉన్నాయన్నారు.

"అది తుప్పు పట్టకుండా పూసింది ఆంటీ."

"రేపు ఫోటోల్లో బూజు పట్టినట్టు పడుతుందమ్మా" అని ఆవిడ దాన్నంతా గీకించి, రాడ్డు రాడ్డుకూ రంగుకాగితం తోరణాలు కట్టించారు.

ప్రతిష్ఠ ఘనంగా జరిగింది. రిబ్బను కత్తిరించారు, గోడ ముందు ప్రార్థన చేశారు, గోడ ముందు బిర్యానీ తిన్నారు. వేణుమాధవ్‌ గారు కూడా వచ్చి, తిన్నని గోడను చూసి తల పట్టుకున్నారు. అయితే పక్కనున్నవాళ్లు మెచ్చుకోవడం విని, మర్నాటికల్లా దాని ఫోటోకు 'నిశ్శబ్దానికి ఒక నిలువెత్తు రూపం' అని పేరు పెట్టి స్టూడియో వెబ్‌సైటులో ఎక్కించారు.

జెరెమియా గోడ ఈ కొసనుంచి ఆ కొసకు నడిచి వచ్చాడు. గోడ వెనక్కి కూడా వెళ్లి చూశాడు. అక్కడ గడ్డి ఉంది.

"గిదేనా బిడ్డా, నీ బిల్డింగు?"

"ఇంక ఉన్నది డాడీ."

"ఏడున్నది?"

హదస్సా పైన రాడ్లను చూపించింది. జెరెమియా తోరణాలను చూసి, బిడ్డ వీపు తట్టాడు. ఆ తట్టడం ఆమెకు తిట్టుకంటే ఎక్కువైంది.

వానలు షురూ అయ్యాయి. మొదటి వానకు తోరణాల రంగు కరిగి, ఆకుపచ్చా గులాబీ కలిసి రాళ్లమీదికి జారింది. రెండో వానకు రాడ్లు తుప్పు పట్టి, ఆ తుప్పునీళ్లు చారికలు చారికలుగా పేర్లమీదినుంచి దిగాయి. రాడ్ల మీద కాకులు సభలు పెట్టాయి. కాకులకు ఎందుకో నడిమి రాడ్డే నచ్చింది. జకర్యా అంకుల్ ప్రతి ఉదయం బకెట్టు, బ్రష్షు తీసుకుని వచ్చి నాయనను కడుక్కునేవారు. కడిగి ఇంటికి చేరేలోపు మళ్లీ యథాప్రకారం.

అత్యవసర సమావేశానికి హదస్సాను పిలిచారు. "నువ్వు పెట్టిన రాడ్లే కద తక్లీఫంత" అన్నారు జకర్యా అంకుల్. "వాటిని కోపియ్."

"కోస్తే మొదలు మిగుల్తది అంకుల్. ఆ మొదలు కూడా తుప్పు పడ్తది. పూసిన సిమెంటు పాలు ఉంటే ఇంత కాకపోయేది."

ఎవరు గీకించారన్నది ఎవరూ అనలేదు. ఎలీసబెతు ఆంటీ గొంతు సవరించుకుని, "జరిగిందేదో జరిగింది. మా మామగారు మొన్నటి వానకి కన్నీళ్లు కారుస్తున్నట్టున్నారు, చూడలేకపోయాను. పైన ఏదన్నా నీడ వెయ్యండి" అన్నారు.

"సజ్జ వేస్తే సరిపాయె" అన్నారు జకర్యా అంకుల్.

"సజ్జ మీటరు వస్తది అంకుల్. వాన ఏటవాలుగ కొడ్తే కింది వరస రాళ్లు తడుస్తయి."

కింది వరస కుటుంబాలవాళ్లు తలుపు దగ్గర నిలబడే ఉన్నారు. సజ్జ ఇంకొంచెం ముందుకు రావాలన్నారు. ముందుకు వచ్చాక, వర్ధంతికి వచ్చి రాయి ముందు నిలబడేవాళ్లు తడవకూడదుగదా అన్నారు ఇంకొకరు. నిలబడితే ఏం లాభం, ముసలివాళ్లు కూర్చోవాలిగదా అన్నారు వేరొకరు. కూర్చోవాలంటే బెంచీలు, బెంచీలు తడవకుండా ఇంకా ముందుకు. హదస్సా పెన్సిలు తీసింది. వాళ్లు ముందుకు అన్నప్పుడల్లా కాగితం మీద గీతను ముందుకు జరిపింది. సజ్జ ఆవరణ సగం దాటింది.

"ఇంత దూరం సజ్జ గాలిలో నిలబడుతుందా?" అన్నారు అయ్యగారు అనుమానంగా.

"తిన్నగ పోతే నిలబడదు అయ్యగారూ. వంచి ఆ పక్క నేలకు దించితే నిలబడ్తది."

"వంచు" అన్నారు జకర్యా అంకుల్. "ఎట్లయిన వంచుకో. మా నాయన తడవద్దు, గంతే."

ఎలీసబెతు ఆంటీ కాగితం మీదికి వంగారు. "వంపు మీద రాళ్లేమీ పెట్టక్కర్లేదుగా?"

"అవసరం లేదు ఆంటీ. రాళ్లన్నీ గోడ మీదే ఉంటయి."

అట్లా, చచ్చిపోయినవాళ్లు తడవకూడదని బతికున్నవాళ్లకు హాలు వచ్చింది. గోడ స్తంభాలమీది రాడ్లు, తుప్పు గీకించుకుని, కొత్త ఇనుముతో కలిసి కాంక్రీటులోకి వెళ్లిపోయాయి. కప్పు అక్కడినుంచి లేచి, దోసిట్లో ఒక అరచేయిలా వంగి, ఆవరణ అవతలి కొసన నేలకు దిగింది. రెండు అరచేతులు గీసింది హదస్సా, ఒకటే వచ్చింది. అయినా గాలి మాత్రం ఆమె గీసినట్టే ఒక అంచున దూరి రెండో అంచున పోయింది.

కప్పు కింది సెంట్రింగు చెక్కలు విప్పిన రోజు సంఘమంతా వచ్చింది. జెరెమియా చేతులు వెనక్కి కట్టుకుని, బోగీ తనిఖీ చేసినట్టు చుట్టూ తిరిగి, వంపు నేలకు దిగిన చోట వేళ్లతో కొట్టి శబ్దం విన్నాడు. "గట్టిగున్నది" అన్నాడు. ఇంకాసేపు నిలబడి, పక్కనున్న వాళ్లకు, "మా బిడ్డ గీసింది" అని చెప్పాడు. పక్కనున్నవాళ్లు తమ తమ రాళ్లు చూసుకుంటున్నారు. ఆయనకు అది పట్టినట్టు లేదు, ఇంకొకరి దగ్గరికి వెళ్లి మళ్లీ చెప్పాడు.

తలెత్తి కప్పును చూసింది ఎలీసబెతు ఆంటీ ఒక్కరే. ఈ కొసనుంచి ఆ కొస వరకూ, వంపు వెంట కళ్లు తిప్పుతూ చాలాసేపు చూశారు. హదస్సా ఉండబట్టలేక దగ్గరికి వెళ్లింది.

"ఎట్లుంది ఆంటీ?"

"బాగానే ఉందమ్మా. ఫ్యాన్లకు కొక్కేలు పెట్టించావా? మా అల్లుడు ఫ్యాన్లన్నీ తనే ఇస్తానంటున్నాడు. రెక్క రెక్కకూ వాళ్ల నాన్నగారి పేరు రాయించి."

హదస్సా వంపు వెంట వేలు చూపించింది. కాంక్రీటులోంచి వరసగా ఇనుప కొక్కేలు దిగి ఉన్నాయి. ఈసారి ఎవరూ అడగకముందే పెట్టించింది.

"కానీ ఫ్యాను తిరుగుతుంటే పేరు కనపడదు కదా ఆంటీ" అంది, తెలిసినంతలో నిజం చెప్పాలి కాబట్టి.

ఎలీసబెతు ఆంటీ మళ్లీ కొక్కేల వైపు చూశారు.

"అవునమ్మా" అన్నారు. "జనం వచ్చినప్పుడు ఆపి ఉంచుదాంలే."